ఏడుపుకు ట్యూషన్

చంద్రపూర్,
నవంబరు 1995

భీమన్న గారికి,

నాలుగో తరగతి టీచరు గిరిజ నమస్కరించి రాయునది. మాది ఢిల్లీ నుంచి నడిచే బడి అని మీకు తెలుసు. ఈ ఏడు దేశమంతా మా బడుల్లో ‘భావ వికాసం’ అని కొత్త పాఠం పెట్టారు. పిల్లలు తమ సంతోషం, దుఃఖం, కోపం మాటల్లో చెప్పాలి. దానికీ గ్రేడు ఉంది. మీ కోమల నోరు విప్పదు. “నీకెప్పుడు దుఃఖం కలిగింది?” అంటే ఫ్యాను వంక చూస్తుంది. ఇలాగే ఉంటే ఐదో తరగతికి పంపడం నా వల్ల కాదు. ఇంట్లో సాధన చేయించండి.

ఇట్లు,
గిరిజ

తా.క.: ఆ ఫ్యాను చెడిపోయి చాలా కాలమైంది. తిరగనిదాన్ని అంతసేపు ఏం చూస్తుందో అడగండి.

*

సాస్తి గని క్వార్టర్లు

గిరిజ టీచరమ్మ గారికి,

కోమల తండ్రి భీమన్న దండాలు. లెక్కల్లో తప్పితే ట్యూషన్ పెట్టించేవాణ్ణి. ఏడుపులో తప్పితే ఎవరి దగ్గర పెట్టించాలి? కొత్తగా పెట్టించిన కేబుల్ టీవీ చూసి కూడా ఏడవదు ఈ పిల్ల. చివరికి కోర్పనా నుంచి మా మేనత్త ఎల్లమ్మను పిలిపించాను. మావైపు ఎవరు పోయినా, ఆమె వచ్చి శోకాలు పెట్టాల్సిందే. పోయినవాళ్ల మంచీ చెడూ రాగం తీసి చెబుతూ ఏడుస్తుంది. ఆమె మొదలుపెడితే పగవాడు కూడా కళ్లు తుడుచుకుంటాడు. “పోరి గొంతు మంచిగున్నది, జల్ది తయారైతది” అంది. ఇక మీకు బెంగ వద్దు.

మీ విధేయుడు,
భీమన్న

తా.క.: గుండెలు బాదుకోవాలా, ఉత్త రాగం చాలా? ఢిల్లీవాళ్లు ఏమన్నారో రాయండి.

*

చంద్రపూర్

భీమన్న గారికి,

నమస్కారం అనే ఓపిక కూడా లేదు. సోమవారం కోమలను అదే ప్రశ్న అడిగాను. లేచి నిలబడి “ఓ నా పెన్సిలో...” అని ఎత్తుకుంది. పోయిన పెన్సిల్ ఎంత నల్లగా రాసేదో, దాన్ని ఎంత సన్నగా చెక్కుకునేదో రాగం తీసి చెప్పింది. క్లాసంతా ఏడుపు. సగంమందికి తెలుగే రాదు, రాగానికే ఏడ్చారు. పక్క గదిలోని మరాఠీ సారు “కోణ్ గేలం? ఎవరు పోయారు?” అంటూ పరిగెత్తుకొచ్చారు. ప్రిన్సిపాల్ గారు బడికి సెలవిచ్చేశారు. ఎవరు పోయారని ఇప్పుడు నేను ఢిల్లీకి రాయాలి? ఆ ట్యూషన్ ఆపించండి!

గిరిజ

తా.క.: పెన్సిల్ నా బల్ల కిందే దొరికింది.

*

సాస్తి

టీచరమ్మ గారికి,

దండాలు. ఏడవలేదని ముందు మీరే రాశారు. ఏడిస్తే ఇప్పుడు కోప్పడుతున్నారు. నేను గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపేవాణ్ణి. ముందుకా, వెనక్కా అని ఒక్క మాట చెబితే తిప్పుకుంటాను. పిల్ల ఐదో తరగతికి పోవాలంటే ఏం చేయాలో తేల్చి చెప్పండి. ఇక్కడ బడికి సెలవు వచ్చిన సంగతి తెలిసి, గనిలో మావాళ్లంతా ఆ గ్రేడు కోసం తమ పిల్లల్ని కూడా మా అత్త దగ్గరికి పంపుతున్నారు.

భీమన్న

తా.క.: అత్తకు కోపమొచ్చింది. “పెన్సిల్ మీద ఏడ్వుమని నేను చెప్పిన్నా?” అంటోంది.

*

చంద్రపూర్,
మార్చి 1996

భీమన్న గారికి,

నమస్కారం. మీ క్వార్టర్ల పిల్లలంతా రాగాలు తీయడం మొదలుపెట్టాక నేను బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాను. గుంటూరుకు ఆర్డరు వచ్చింది. నిన్న క్లాసులో ఆ సంగతి చెప్పాను. చప్పట్లు కొడతారనుకున్నాను. కోమల లేచింది. కూర్చోమన్నాను, వినలేదు.

“ఓ మా టీచరమ్మో... పండుగొచ్చినా ఒక్కదానివే ఉంటివి, జరమొచ్చినా బడికొస్తివి, ఎట్లున్నవని నిన్ను అడిగెటోళ్లు లేకపోయిరి...”

దుఃఖాన్ని మాటల్లో చెప్పాలని ఏడాదంతా పాఠం చెప్పిన నాకు ఒక్క మాట రాలేదు. కుర్చీలో కూర్చుని, పిల్లలందరి ముందు భోరున ఏడ్చాను. ఈ ఊరు వచ్చాక ఏడవడం అదే మొదలు. సాయంత్రం బదిలీ వద్దని రాసిచ్చాను. కోమల ఐదో తరగతికి వెళ్తుంది. ఆ తరగతికి టీచరును నేనే.

మీ
గిరిజ

తా.క.: ఆ శోకంలో “లెక్క నువ్వు తప్పు చేసి మమ్ముల దిద్దుకొమ్మంటివి” అని కూడా ఉంది. నాకు ఒళ్లు మండింది. మండిందని కోమలకు మొహాన్నే చెప్పాను. “ఇప్పుడు మంచిగ చెప్పిండ్రు టీచర్” అంది.