పిన్ని గొంతు లేని పాట

ఆదివారం, సాలూరు

ఈరోజు చర్చిలో నా పరువు పోయింది. పోతే పోనీ, కరుణ పిన్ని ముఖమే కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

గొంతు ఆపరేషన్ తర్వాత ఆవిడకు మాట పడిపోయింది. అంతకు ముందు నేను రికార్డు చేసిన క్వయర్ పాటను ఆరాధన అయ్యాక వినిపిస్తానని నేనే అన్నాను. తీరా కంప్యూటర్లో పెడితే, అటూ ఇటూ పాడినవాళ్ళంతా వినిపించారు, మధ్యలో నిలబడి పాడిన పిన్ని తప్ప. వాల్యూమ్ పెంచాను. ప్రోగ్రాం మూసి తెరిచాను. అందరి ముందూ కంప్యూటర్‌ని తిట్టాను.

"ఒరే, అందరూ ఉన్నారు, మా మనిషేదిరా?" అన్నాడు బాబాయి.

వెనకాల ఎవడో, "సొంతంగా నేర్సుకున్న ఇంజినీరు కదేటి!" అని నవ్వాడు. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది. పిన్ని తల దించుకుంది.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లో వింటే ఆవిడ గొంతు ఉంది! రికార్డు చేసినప్పుడు రెండు మైకుల్లో ఒకదాని వైరు నేనే తిరగేసి అతికించాను. చర్చిలో ఉన్నది ఒకటే స్పీకరు బాక్సు. అందులో రెండు వైపులూ కలిసేసరికి, రెండు మైకుల్లోనూ సమానంగా పడిన మధ్యలోని గొంతు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చచ్చిపోయింది. ప్రోగ్రాంలో ఒక వైపును మళ్ళీ తిరగేస్తే వచ్చేసింది. ఒక్క క్లిక్కు!

సాయంత్రం ఫోన్లో ఎక్కించుకుని వాళ్ళింటికెళ్ళి వినిపించాను. పిన్ని కళ్ళు మూసుకుని, పాటతో పాటు పెదాలు కదిపింది.

"పొద్దున్న ఏటైనాదిరా? ఆ కంప్యూటరు పాడైపోనాదేటి?" అన్నాడు బాబాయి.

అవునన్నాను. పిన్ని నా వైపే చూస్తోంది. ఆవిడకు లేని గొంతు నాకుంది, తప్పు నాదని చెప్పడానికి మాత్రం…