లచ్చి నోటి దూది

బోధన్, 1938 ఫిబ్రవరి 3

ప్రియమైన బాలనర్సయ్యా,

నిజామాబాద్ పందెంలో మా పటేలు రాజారాం గారి గుర్రం లచ్చి గెలిచి కప్పు తెచ్చింది! పెంచినవాణ్ణి, నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. కానీ పందెం కాగానే పందెం నడిపే పైవాళ్లు దాని నోరు దూదితో తుడిచి, ఆ దూదిని సీసాలో పెట్టి మీ ప్రయోగశాలకు పంపారు. ఉమ్ములో ఏం కనబడుతుందోయ్? మత్తుమందు తేలితే గెలుపు రద్దట. పటేలు నన్నే పట్టుకున్నాడు: "ఏమన్న పెట్టినవారా, ఆశన్నా?" లచ్చి మీద ఒట్టు, నేనేమీ పెట్టలేదు.

నీ బడి దోస్తు,
ఆశన్న

హైదరాబాద్, ఫిబ్రవరి 12

ప్రియమైన ఆశన్నా,

ఆ సీసా నా బల్ల మీదికే వచ్చింది. పరీక్ష మందు చుక్క వేయగానే ఊదారంగు తిరిగింది. అంటే నల్లమందు! మనిషికి మత్తిచ్చేది గుర్రానికి హుషారిస్తుంది. రెండోసారీ అదే. ఉందని మాత్రం చెప్పగలను. ఎవరు పెట్టారో, దాని బలంతోనే పరుగెత్తిందో రంగు చెప్పదు. నాకు నిద్ర పట్టడం లేదు. లచ్చి ఏం తింటుందో, ఎవరి చేత తింటుందో అంతా రాయి.

నీ మేలు కోరే,
బాలనర్సయ్య

బోధన్, ఫిబ్రవరి 17

ప్రియమైన నర్సయ్యా,

సిగ్గు విడిచి రాస్తున్నా. మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా శెనగగింజంత నల్లమందు బుగ్గన పెట్టుకుంటున్నా. లచ్చికి బెల్లం నేను నమిలి, మెత్తబడ్డాక పెడతా. మా బాపు నేర్పిందే: "ఎంగిలి తిన్న గుర్రం మనిషిని మరువదు బిడ్డా" అనేవాడు. ఇవ్వాళే నల్లమందు మానేశా. మళ్లీ దూది తీయించు.

నీ ఆశన్న

బోధన్, మార్చి 20

ప్రియమైన నర్సయ్యా,

రెండో దూదిలో ఏమీ లేదనీ, మొదటిది నా ఎంగిలేననీ నువ్వు పంపిన కాగితం అందింది. గెలుపు నిలిచిందని పటేలు ఊరంతా మిఠాయి పంచాడు. నిన్న చందూర్ ఊరి గుర్రంతో పందెం పెడితే లచ్చి సగం దూరానికే నిలిచిపోయింది. అప్పుడు వెనక్కి లెక్క వేసుకున్నా. అది గెలవడం మొదలుపెట్టింది కూడా రెండేళ్ల కిందటే!

"కప్పు వాపస్ ఇద్దాం పటేలా" అన్నా. "కాగితంల సాఫ్ ఉన్నది గద, నోరు మూస్కో! లేకుంటే కొట్టం ఖాళీ చెయ్" అన్నాడు.

నిన్నటిది ఎండ దెబ్బో, నల్లమందు లేని లోటో నీ సీసాకు తెలియదు, నాకూ తెలియదు. తెలియని గెలుపును తెలిసినట్టు ఉంచుకోలేను. ఆ మాటే నా పేరుతో పందెం పైవాళ్లకు రాయి. లచ్చికి పోతున్నానని చెప్పి, కొట్టం తాళంచెవి పటేలుకు ఇచ్చేశా.

కొట్టం విడిచి రెంజల్ ఊరి దారి పట్టిన నీ
ఆశన్న