దొరవారి జీపుకు మూడో పెడలు

చెన్నూరు, 2-7-1979

మందమర్రి మెకానిక్ రాయమల్లుకు చెన్నూరు నుంచి భూపాల్‌రావు రాయునది. ఇక్కడ అందరం క్షేమం, జీపు తప్ప. నాలుగేళ్ల కింద బొగ్గు వెతకడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు పోతూ పోతూ వేలం వేస్తే కొన్న అమెరికా జీపు అది. దానికి క్లచ్చు ఉండదు, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. పది రోజులుగా ఇంజను అరుస్తున్నది గాని బండి కదలడం లేదు. కింద ఎర్రటి నూనె కారుతున్నది. ట్రాక్టరుకు కట్టి పంపిస్తున్నాను. ఇదివరకు ఎట్లుండెనో అట్లనే కావాలి. ఎందుకని అడగవద్దు.

ఇట్లు,
భూపాల్‌రావు

తా.క.: డ్రైవరు సీటు ముందు, ఎడమ పక్క నేలకు చిన్న దిండులాంటి మెత్త కట్టి ఉంది. దాన్ని ముట్టవద్దు. దాని గురించి కూడా అడగవద్దు.


మందమర్రి, 16-7-1979

దొరవారికి రాయమల్లు దండం పెట్టి రాయునది. మెత్త ముట్టలే. లోపలినుంచి నేల రేకు విప్పితే ఒక్క పూట పని. మెత్త అడ్డమున్నదని గుంతల పండుకొని కిందినుంచి విప్పిన, ఎనిమిది రోజులు పట్టింది.

ఇరవై ఏండ్ల సంది బొగ్గుబావి బండ్లు విప్పుతున్న, గానీ ఇసొంటి గేరుబాక్సు చూడలే. లోపల ప్లేట్లన్నీ మాడిపోయినయి, మాడిన జొన్నరొట్టె వాసన. వాకిట్ల గోనెసంచులు పరిచి సామానంతా వరుసగ పెడితే, నా భార్య సత్తమ్మ "గిదేంది, అంగడి పెడ్తున్నవా?" అన్నది. ఆ ప్లేట్లు హైదరాబాదుల లేవు. బొంబాయికి రాసిన, జవాబు రాలే. నా మాట ఇంటే, మామూలు జీపు గేరుబాక్సు ఒకటి మంచిది దొరికింది. క్లచ్చు పెట్టి అది వేస్త.

మీ నౌకరు,
రాయమల్లు

తా.క.: గేరుబాక్సు లోపలి ఇనుప గోలీలు విప్పినప్పుడు ఆరు. ఇప్పుడు ఐదు. ఆరోది మా నల్లకోడి మింగింది. గంప కింద కమ్మి కాపలా కాస్తున్నం. మీరు ఫికర్ చేయకుండ్రి.


చెన్నూరు, 21-7-1979

రాయమల్లుకు,

క్లచ్చు వద్దు. క్లచ్చు అనే మాట మళ్ళీ రాయవద్దు. క్లచ్చున్న బండ్లు నా ఇంట్లో ఇంకో రెండున్నాయి, అవి దేనికీ అక్కరకు రావడం లేదు. బొంబాయికి మళ్ళీ రాయి.

ఇట్లు,
భూపాల్‌రావు

తా.క.: కోడి సంగతి ఏమైంది?


మందమర్రి, 30-7-1979

దొరవారికి దండాలు. గోలీ దొరికింది. ఎట్ల దొరికిందో పెద్దలకు రాసే ముచ్చట కాదు. బొంబాయివాళ్ళు ఆ ప్లేట్లు ఇండియాలనే లేవని రాసిన్రు.

ఇంకొకటి, తిట్టనంటే రాస్త. క్లచ్చు పేరెత్తితే మీకెందుకంత కోపమో నేనూ సత్తమ్మా ఆలోచించి ఆలోచించి, ఆఖరికి సమజైంది. గేర్లు మార్చుడు మీకు రాదు. ఇందుల సిగ్గేమున్నది దొరా? ఒక్క ఆదివారం రాండ్రి. ఊరవతల మైదానంల నేర్పిస్త, పురుగుకు గూడ తెల్వది.

మీ నౌకరు,
రాయమల్లు

తా.క.: అంతా ఎడమకాలుతోనే ఉన్నది దొరా. గట్టిగ తొక్కాలె, మెల్లగ వదలాలె. అప్పటిదాక మంచం కోడు మీద ఎడమకాలు పెట్టి సాధన చేయుండ్రి.


చెన్నూరు, 6-8-1979

రాయమల్లూ,

నేను పదహారేళ్ళ వయసు నుంచి బండ్లు నడుపుతున్నాను. నువ్వు కార్డు మీద రాసిన ఆ పాఠం మా పోస్ట్‌మన్ లక్ష్మీరాజం నాకంటే ముందే చదివాడు. నిన్న వచ్చి, "దొరా, కాలు జర పట్టిందా?" అని అడిగాడు. నా పరువు మంచం కోడుకు కట్టినావు. బతుకమ్మ దగ్గరికొస్తున్నది, ఆలోపల బండి ఇంట్లో ఉండాలి. నీకు చేతనైనట్టు చేసి పంపు. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

భూపాల్‌రావు

తా.క.: ఎడమకాలు మాట ఎవరి ముందూ ఎత్తకు.


మందమర్రి, 7-9-1979

దొరవారికి దండాలు. రాయవద్దన్నరు గని, బండి పంపుతూ చిట్టీ లేకుంటే బాగుండదు. చేతనైనట్టు చేయమన్నరు. నాకు చేతనైంది క్లచ్చే. ఇప్పుడు బండికి మూడు పెడల్లు, దర్జాగ ఉన్నది. మెత్త ఉన్న జాగలనే మూడో పెడలు కొలిచినట్టు సరిపోయింది. మెత్త ముట్టద్దన్నరు, మరి పెడలు ఎక్కడ పెడుదు? కండ్లు మూసుకొని తీసిన.

మీ నౌకరు,
రాయమల్లు

తా.క.: మెత్త పారేయలే. నల్లకోడి పొదుగుకు కూసుంటే దాని కింద వేసిన. దొరసాని లెక్క కూసున్నది.


చెన్నూరు, 8-9-1979

రాయమల్లూ,

ఈసారి కవరులో రాస్తున్నాను.

ఆ బండి నాది కాదు, నా భార్య జానకీబాయిది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె ఎడమకాలు పడిపోయింది. పెళ్ళయినాక పన్నెండేళ్ళపాటు గడప దాటాలంటే ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకోవలసి వచ్చేది. ఆ జీపుకు కుడికాలొక్కటే చాలని, పత్తి ఏరిన చేన్లో నేనే నేర్పాను. నాలుగేళ్ళ నుంచి బతుకమ్మను పక్క సీట్లో పెట్టుకొని గోదావరి ఒడ్డుదాకా తానే నడుపుకొని పోతున్నది. ఆ మెత్త పనిచేయని కాలుకు ఆసరాగా తాను కుట్టుకున్నది.

నిన్న బండి రాగానే ఎక్కి కూర్చుంది. మెత్త ఉండవలసిన చోట చెయ్యి పెట్టి చూసింది. పెడలు తగిలింది. "మంచిగ చేసిండు" అని దిగి లోపలికి పోయింది. ఈసారి బతుకమ్మ పేర్చనని వంటమనిషి శంకరవ్వతో చెప్పిందట.

తప్పు నీది కాదు. దొరసాని బండి నడుపుతుందని, ఆమె కాలు అట్లాంటిదని పరాయివాడికి రాయడం నాకు నామోషీ అనిపించింది. మూడు ఉత్తరాలు రాశాను, రాయవలసిన ఒక్క ముక్క రాయలేదు. నిన్నటి నుంచి ఆమె మొహం చూడలేకపోతున్నాను.

భూపాల్‌రావు

తా.క.: మెత్త అడుగుతున్నది. కోడి లేచినాక పంపు.


మందమర్రి, 13-9-1979

దొరవారికీ దొరసానమ్మకూ రాయమల్లు దండం పెట్టి రాయునది. మీ కవరు చదివి సత్తమ్మ ఏడ్చింది. కోడిని దొరసానితో పోల్చినందుకు నేను చెంపలేసుకున్న.

మెత్త కోసం కోడిని లేపిన. అది మెత్త మీది గలీబు గుడ్డను గీకి చింపింది. లోపల మడతపెట్టిన కాయితం ఉన్నది. ఉన్నదున్నట్టు రాస్తున్న:

"రాయమల్లన్నా, నా ఎడమకాలు పనిచేయదు. క్లచ్చు పెడితే నేను ఈ బండి నడపలేను. ఆయన ఈ సంగతి నీకు రాయలేరు, అడిగితే కోపం చేస్తరు. ఏమీ అనుకోవద్దు. నేల విప్పేముందు ఈ మెత్తనే తీస్తవని ఇందులో పెట్టిన. జానకీబాయి."

మొదటి రోజే తీసేటోణ్ణి దొరా. మీరు ముట్టద్దన్నరు, నేను ముట్టలే. తీసిననాడన్న పిసికి చూసినా కాయితం తగిలేది. ఆ గుడ్ల కింద వేసిన ఈ చేతులనే కొట్టుకుంటున్న.

పాత గేరుబాక్సు ఇక బతకది, అది ఒప్పుకుంటున్న. గేరు రాడ్డుకే సైకిలు బ్రేకు లెక్క ఒక పిడి పెట్టి, తీగతోని క్లచ్చు లాగేటట్టు చేస్తే కాలు అక్కరుండదు. అయితదని ఒట్టు పెట్టలేను. సామాను పట్టుకొని సోమవారం బస్సుకు వస్తున్న. మూడో పెడలు ముందు పీకేస్త.

మీ నౌకరు,
రాయమల్లు

తా.క.: పిడి ఎంత ఎత్తున ఉండాలె, ఎంత బిగువుండాలె, మీరు రాయకుండ్రి దొరా. దొరసానమ్మనే రాయమనుండ్రి.