గోల్‌కీపరు పోస్టు ఖాళీగా ఉంది

గరికలంక షుగర్ ఫ్యాక్టరీ,
ఉయ్యూరు మీదుగా,
12 జూన్ 1974

శ్రీ లాజరు గారికి పూర్ణచంద్రరావు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, ఫుట్‌బాల్ జట్టు తప్ప.

పోయిన జిల్లా లీగులో కూడా మనదే ఆఖరి స్థానం. అందులో కొత్తేమీ లేదు గాని, ఈసారి ఛైర్మన్ గారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమన్నారంటే సంగతి బాగాలేదని అర్థం. రాబోయే లీగులో మళ్ళీ ఆఖరున వస్తే జట్టు ఎత్తేస్తారు. జట్టు పేరు మీద ఉద్యోగాల్లో చేరినవాళ్ళను, పర్మినెంటు అయినా సరే, ఇళ్ళకు పంపేస్తారు. స్పోర్ట్స్ సెక్రటరీనైన నన్ను తీసుకెళ్ళి చెరుకు కాటా దగ్గర కూర్చోబెడతారు. కాటా దగ్గర రైతులు తిట్టే తిట్లు మీరు వినలేదు.

అయితే ఒక మేలుంది. ఆఖరున వచ్చిన జట్టే ముందుగా ఆటగాణ్ణి ఎంచుకోవాలని జిల్లా అసోసియేషన్ వారి రూలు కదా. నెలాఖరున విజయవాడ గ్రౌండులో కుర్రాళ్ళను వరసగా నిలబెట్టినప్పుడు ముందు చెయ్యి ఎత్తేది మనమే. నాలుగేళ్ళుగా మనమే ఎత్తుతున్నాం. మీరు రైల్వే జట్టుకు ఇరవై ఏళ్ళు గోల్ కాసి రిటైరైనవారు. వన్ టౌన్‌లో బంతులు కుట్టే కొట్టు పెట్టుకుని, ఊళ్ళో ఆడే ప్రతి కుర్రాణ్ణీ ఎరిగినవారు. ఎప్పటిలాగే మీరు చూపించినవాణ్ణే తీసుకుంటాం.

మాకు కావలసింది గోల్‌కీపరు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
పూర్ణచంద్రరావు, టైమాఫీసు

తా.క.: పోయిన ఏడు మీరు కుట్టిచ్చిన బంతి బాగుంది. అవతలి జట్లవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఎక్కువసేపు వాళ్ళ దగ్గరే ఉంది.


వన్ టౌన్, విజయవాడ,
17 జూన్ 1974

పూర్ణచంద్రరావు గారికి ప్రభువు నామంలో వందనాలు. దేవుని దయవల్ల మేమంతా బాగానే ఉన్నాం.

నాకొక అనుమానం ఉంది, అడిగేస్తున్నాను. నాలుగేళ్ళలో మీకు నలుగురు గోల్‌కీపర్లను చూపించాను. అందరూ బతికే ఉన్నారు. ఒకడు మొన్న బస్టాండులో కనిపించాడు, ఒళ్ళు కూడా చేశాడు. జట్టుకు ఉండేది ఒక గోలు, దానికి ఒక మనిషి చాలు. ఏడాదికొకణ్ణి మీరేం చేసుకుంటున్నారండీ? చెరుకుతో పాటు వాళ్ళను కూడా మిల్లులో పెడుతున్నారేమోనని మా ఆవిడ మార్త అంటోంది.

సరే, ఈసారి మీకు బంగారంలాంటి కుర్రాణ్ణి ఇస్తున్నాను. పేరు సొలొమోను. ఇక్కడ గోడౌన్లో లారీ మీంచి విసిరే బస్తాలు పట్టుకునే పని చేస్తాడు. వాడి చేతుల్లో పడ్డది నేల మీద పడదు.

ఇందులో నా స్వార్థం దాచను. బళ్ళో టీచరుగా చేస్తున్న మా అమ్మాయి రూతును వాడికి అనుకున్నాం. ప్రధానం అయింది. కాని స్థిరమైన ఉద్యోగం ఉంటే తప్ప చర్చిలో పెళ్ళి ప్రకటన చదివించేది లేదని మార్త పట్టు పట్టింది. బస్తాల పని చూపించి పిల్లనడిగితే ఏ తల్లి మాత్రం ఒప్పుకుంటుంది? కనక మీ జట్టు నిలబడితే మా ఇంట్లో పెళ్ళి జరుగుతుంది. జట్టు పోతే ఉద్యోగం పోతుంది, దాంతో పెళ్ళీ పోతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకుని వాణ్ణి జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
లాజరు

తా.క.: రూతుకు ఫుట్‌బాల్ తెలియదు. ఎవరు గెలిచారని అడగదు, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడుగుతుంది. మీ జట్టుకు సరిగ్గా సరిపోతుంది.


గరికలంక,
18 సెప్టెంబరు 1974

శ్రీ లాజరు గారికి నమస్కారాలు. జవాబు ఆలస్యమైనందుకు మన్నించాలి. ఓడకుండా ఉండటం అలవాటు లేక, ఆ హడావిడిలో పడిపోయాం.

సొలొమోను గురించి ఏమని రాయను. లీగు మొదలైన తరవాత ఒక ఆట గెలిచాం, రెండు సమానం చేశాం. మొన్న ఆదివారం ఛైర్మన్ గారు కారు ఆపించి, అద్దం దించి మరీ చూశారు. నాలుగేళ్ళలో ఆయన అద్దం దించటం ఇదే మొదలు.

ఇంకొక శుభవార్త. ఈ నెలాఖరుకు అబ్బాయి ప్రొబేషన్ పూర్తవుతుంది. కన్ఫర్మేషన్ కాగితం టైపు కూడా అయింది. పర్మినెంటు కాగానే గోల్‌లోంచి తీసి బ్యాకుగా వేస్తాం. కనుక వెంటనే ఇంకొక గోల్‌కీపరును చూసిపెట్టండి. లీగు నడుస్తుండగా గోలు ఖాళీగా ఉంచితే చూసేవాళ్ళకు బాగుండదు.

గోల్‌కీపర్లను ఏం చేసుకుంటున్నారని అడిగారు. మా దగ్గర అన్నీ సర్వీసు ప్రకారం జరుగుతాయండి. గోల్‌కీపరు టెంపరరీ పోస్టు. కన్ఫర్మ్ అయితే బ్యాకు. కొన్నేళ్ళు గడిస్తే హాఫు. ఇంకా పెద్దవాళ్ళు ఫార్వర్డులు. మీరు పంపినవాళ్ళు ఈ దారినే పైకి వస్తున్నారు, ఒక్కరికీ అన్యాయం జరగలేదు. సెంటర్ ఫార్వర్డు మా హెడ్ అకౌంటెంటు లక్ష్మీనారాయణ గారు. వచ్చే ఏడు రిటైరవుతారు. ఆయన బంతి వెంట పరుగెత్తరు. రావలసిన బంతి ఏదైనా సరైన మార్గంలో తన దగ్గరికే రావాలంటారు.

ఇట్లు,
పూర్ణచంద్రరావు

తా.క.: లక్ష్మీనారాయణ గారు ఇంతవరకు ఒక్క గోలూ కొట్టలేదు గాని, ఆయన మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు.


వన్ టౌన్,
21 సెప్టెంబరు 1974

పూర్ణచంద్రరావు గారికి వందనాలు. మీ ఉత్తరం చదివాక ఆ పూట అన్నం సయించలేదు. దయచేసి లీగు అయ్యేదాకా సొలొమోనును పర్మినెంటు చెయ్యకండి. కాబోయే అల్లుడి గురించి నేనే ఇలా రాయవలసి వస్తుందనుకోలేదు. కారణం వేరే చెప్పనక్కర్లేదు, కాస్త ఆలోచిస్తే మీకే తెలుస్తుంది. అబ్బాయి చెవిన పడనివ్వకండి, బాధపడతాడు. రూతుకు కూడా ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
లాజరు

తా.క.: కార్డు కనక ఇంతకన్నా వివరంగా రాయటం లేదు. మా పోస్ట్‌మాన్ మా ఇంటి సంగతులు నాకన్నా ముందు తెలుసుకుంటాడు.


గరికలంక,
4 అక్టోబరు 1974

శ్రీ లాజరు గారికి నమస్కారాలు.

మీ కార్డు అందింది. మీరు చెప్పినట్టే ఆలోచించాను. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు. పెళ్ళికొడుకు ఉద్యోగం పర్మినెంటు కాకుండా ఆపమని పిల్ల తండ్రే రాశాడంటే, సంబంధం వదులుకోవటానికి మర్యాదైన దారి వెతుక్కుంటున్నాడని ఆ మాత్రం గ్రహించగలను.

అయినా అబ్బాయిలో లోపం ఏమిటో తెలుసుకుందామని మా యార్డు మేస్త్రీ రత్తయ్యను వాకబు చెయ్యమన్నాను. బీడీ లేదు, పేకాట లేదు. ఆదివారం ఉదయం చర్చి, సాయంత్రం ఆట. తీరిక దొరికితే ఉత్తరాలు రాసుకుంటాడు, అవీ మీ అమ్మాయికే. మీరు విన్నదేమిటో గాని మాకు దొరకలేదు.

చెవిన పడనివ్వవద్దన్నారు. కాని ఇలాంటి సంగతి ఎవరో అనగా వినటం కంటే పెద్దవాణ్ణి నేను చెప్పటమే మర్యాద అనిపించింది. పక్కకు పిలిచి, మీకు ఈ సంబంధం ఇష్టం లేనట్టుందని మెల్లగా చెప్పాను. అతను ఏమీ అనలేదు. ఆ సాయంత్రం బంతులు పక్కనుంచి పోతున్నా ఏమీ అనలేదు. దోవ ఇచ్చి నిలబడ్డాడు. నాలుగు గోల్స్ అయ్యాయి.

పిల్ల ఎలాగూ దక్కలేదు, ఉద్యోగమైనా దక్కాలని మీ మాట కాదని ఒకటో తేదీనుంచి కన్ఫర్మ్ చేయించాను. క్షమించాలి. ఇప్పుడు బ్యాకుగా ఆడుతున్నాడు. గోల్‌లో డిస్పెన్సరీ కాంపౌండరు గారిని నిలబెట్టాం. చాలా మంచి మనిషి, ఎవరినీ నొప్పించరు.

జట్టు మాత్రం మళ్ళీ అడుక్కు చేరింది. ఇరవయ్యో తేదీన రైసుమిల్లర్ల జట్టుతో ఆఖరి ఆట, ఇక్కడే. సమానం చేసినా ఆఖరి స్థానం వాళ్ళకు పోతుంది. ఓడితే ఇక జట్టు ఉండదు.

ఇట్లు,
పూర్ణచంద్రరావు

తా.క.: సొలొమోను ఏమైపోతాడోనని మీరు బెంగపెట్టుకోకండి. మా డిస్పెన్సరీ నర్సు ఎలిజబెత్‌కు సంబంధాలు చూస్తున్నారు. వాళ్ళమ్మ అమలమ్మ గారు అప్పుడే రెండుసార్లు చేపల పులుసు పంపారు. వాళ్ళు మీ చర్చి కాదు, ఆర్.సి.ఎం. వాళ్ళు గాని, పులుసు దగ్గర ఆ తేడా ఏమీ కనిపించలేదు.


వన్ టౌన్,
7 అక్టోబరు 1974

పూర్ణచంద్రరావు గారికి వందనాలు. ఈసారి కవరులో రాస్తున్నాను. పోస్ట్‌మాన్ సంగతి తరవాత, ముందు మీకు అర్థమవాలి.

సంబంధం వద్దని నేనెప్పుడన్నానండీ? వాణ్ణి పర్మినెంటు చేస్తే గోల్‌లోంచి తీసేస్తామని మీరే రాశారు. వాడు గోల్‌లో లేకపోతే మీరు ఓడతారు. ఓడితే జట్టు పోతుంది, జట్టుతో పాటు ఆ పర్మినెంటు ఉద్యోగమూ పోతుంది. అందుకని లీగు అయ్యేదాకా ఆగమన్నాను. ఫుట్‌బాల్ సెక్రటరీకి ఈ సంగతి విడమరిచి చెప్పాలని నాకు తోచలేదు. అదే నా పొరపాటు.

గోల్‌కీపరు అంటే గోల్‌కీపరేనండి. వంట బాగా చేస్తున్నాడని వంటమనిషిని తీసుకెళ్ళి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టం కదా. నేను ఇరవై ఏళ్ళు అదే గోల్‌లో నిలబడ్డాను. పాపం లాజరుకు ప్రమోషన్ రాలేదని రైల్వేలో ఒక్కడూ జాలిపడలేదు.

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను. సొలొమోను రాసిన ఉత్తరం చూసిన దగ్గరనుంచి రూతు నాతో మాట్లాడటం లేదు. బడినుంచి వచ్చి తలుపు వేసుకుంటోంది. మార్త అన్నం పెడుతోంది గాని కూర వెయ్యటం లేదు. వేళాకోళానికి రాయటం లేదండి, నాకు భయంగా ఉంది. పిల్ల బతుకు నా చేతులారా పాడుచేశానేమోనని కొట్లో కూర్చుంటే సూది సరిగా పడటం లేదు. మీకూ ఆడపిల్లలున్నారన్నారు. ఇరవయ్యో తేదీన వాణ్ణి గోల్‌లో నిలబెట్టండి, మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

ఇట్లు,
లాజరు

తా.క.: కింద రెండు ముక్కలు రూతు రాసింది. నన్ను చదవనివ్వలేదు.

అయ్యా, వందనాలు. సొలొమోను గారికి చేపల పులుసు పడదని అమలమ్మ గారికి దయచేసి తెలియజేయండి. ఇదివరకు పడేది. ఇకమీదట పడదు. — రూతు.


గరికలంక,
23 అక్టోబరు 1974

శ్రీ లాజరు గారికి నమస్కారాలు. మీ కవరు చదివి సిగ్గుపడ్డాను. వెంటనే అబ్బాయిని పిలిచి ఉన్న సంగతి చెప్పాను. ఆ పూట అతను తిన్న ఇడ్లీలు చూసి క్యాంటీన్ వంటవాడు మళ్ళీ పిండి రుబ్బించాడు. అమలమ్మ గారికి కూడా కబురు చేశాను. ఆవిడ నొచ్చుకోలేదు, పులుసు కాంపౌండరు గారికి పంపుతున్నారు.

ఇక గోల్ సంగతి. పర్మినెంటు మనిషిని గోల్‌కు దింపటం డిమోషన్ కింద లెక్క. కారణం లేకుండా దింపితే యూనియన్ ఒప్పుకోదు. ఏదైనా తప్పు చెయ్యాలి, ఎంక్వైరీలో అది రుజువు కావాలి. అంత నెమ్మదైన కుర్రవాడిచేత తప్పు ఎలా చేయించాలో తెలియక ఇరవయ్యో తేదీదాకా మథనపడ్డాను.

ఆట మొదలైన కాసేపటికే బంతి ఎత్తుగా మన గోల్ వైపు వచ్చింది. బ్యాకుగా ఉన్న సొలొమోను అలవాటు కొద్దీ ఎగిరి రెండు చేతులతో పట్టేశాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. జనం తలలు పట్టుకున్నారు. నేను మాత్రం జేబులోంచి కాగితం తీసి ఛార్జిషీటు రాయటం మొదలుపెట్టాను. రైసుమిల్లర్ల కుర్రాడు కొట్టిన పెనాల్టీ గోల్ పైకర్ర మీదుగా పోయి చెరుకుతోటలో పడింది. కాంపౌండరు గారు అతన్ని ఓదార్చారు.

విరామంలో గోల్ వెనక బెంచీ వేసి ఎంక్వైరీ జరిపాం. యూనియన్ తరఫున రత్తయ్య, మేనేజ్‌మెంటు తరఫున లక్ష్మీనారాయణ గారు.

"చేత్తో పట్టుకున్న మాట నిజమేనా?" అన్నాను.

"నిజమేనండి."

"ఎందుకు పట్టుకున్నావయ్యా?"

"వదిలేస్తే గోలవుద్దనండి."

లక్ష్మీనారాయణ గారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ముద్దాయి పశ్చాత్తాపం చూపటం లేదు" అని రాసి, ఏడాదిపాటు గోల్‌కీపరుగా దింపుతూ సంతకం పెట్టారు. రత్తయ్య యూనియన్ తరఫున నిరసన తెలిపి, సొలొమోను వీపు తట్టాడు. ఈలోగా రెఫరీ ఈల వేశాడు.

రెండో సగమంతా బంతి మన గోల్ ముందే ఉంది. ఒక్కటీ లోపలికి పోలేదు. మనవాళ్ళు గోల్ కొట్టే ప్రయత్నం చెయ్యలేదు కనుక ఆట సున్నా సున్నాగా ముగిసింది. ఆఖరి స్థానం రైసుమిల్లర్లకు పోయింది. జట్టు నిలిచింది, సొలొమోను ఉద్యోగం నిలిచింది. చర్చిలో ప్రకటన చదివించమని మార్త గారితో నా మాటగా చెప్పండి. ఆవిడ ఇక కూర వెయ్యవచ్చు.

ఛైర్మన్ గారి సంతోషం ఇంతా అంతా కాదు. సోమవారం ఉదయమే శిక్ష రద్దు చేసి, సొలొమోనును హాఫు దాటించి ఏకంగా ఫార్వర్డు చేశారు. నేను వద్దనబోయాను. "అంత బాగా గోల్ కాసినవాణ్ణి ఇంకా గోల్‌లోనే ఉంచుతారా? కాస్తన్నా న్యాయం ఉండొద్దూ?" అని నన్నే కోప్పడ్డారు.

కనుక గోల్‌కీపరు పోస్టు మళ్ళీ ఖాళీ అయింది. ఆఖరున రాలేదు కాబట్టి ముందుగా ఎంచుకునే హక్కు ఈసారి మనకు లేదు. అందుకని కమిటీ కూర్చుని, ఫ్యాక్టరీలో బొత్తిగా సర్వీసు లేనివారు, పని తెలిసినవారు ఎవరా అని ఆలోచించి, ఒక పేరు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆర్డరు ఇందులోనే పెట్టాను. లాజరు గారూ, ఆ పేరు మీదే. పెళ్ళి కాగానే వచ్చి చేరండి. ఆటలో అల్లుడు గారు మీకు సీనియరు అవుతారు, అది మనసులో పెట్టుకోకండి.

ఇట్లు,
పూర్ణచంద్రరావు

తా.క.: మీకు రిటైర్మెంటు వయసు దాటింది కనుక రూల్సు ప్రకారం మిమ్మల్ని ఎన్నటికీ కన్ఫర్మ్ చెయ్యటానికి వీల్లేదు. ఇన్నేళ్ళకు మా గోల్‌లో నిలకడగా ఉండే మనిషి దొరికాడు.