కొండ వెనక గడ్డి

ఆగస్టు 24

యంజ్మా ఈ రోజు కూడా ఆ మెడల్ పెట్టుకునే మేకల పాలు పితికింది.

పశువులు వెయ్యి దాటిన ఇంటికి ప్రభుత్వం ఇచ్చే మెడల్ అది. పండక్కి కోటు మీద పెట్టుకుంటే అందం. పాలు పితకడానికి ఎందుకు? మేకలు చదువుతాయా?

నా తోటికోడలు. మా ఆయన బదర్చ్ తమ్ముడు లువ్‌సాన్ పెళ్ళాం. ఈ లోయకు కాపరానికి వచ్చినప్పుడు దానికి పొయ్యిలో పేడ పిడక సరిగా పెట్టడం కూడా రాదు. మేకల్ని తలలు కలిపి వరసగా కట్టి వెనక నుంచి పితకాలని నేర్పింది నేను. ఇప్పుడు వాళ్ళ గెర్ గుడారం ముందు జపాన్ కారు. గెర్ లోపల గోడంత టీవీ. అత్త కూడా వాళ్ళ దగ్గరే. చిన్న కొడుకు పొయ్యి దగ్గర తల్లి ఉండటం మావాళ్ళ ఆచారం. ఆచారం అని తెలిసినా నాకు కోపమే.

ఇవన్నీ ఇక్కడ రాయకపోతే ఏదో ఒక రోజు నోరు జారి దాని మొహం మీదే అనేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఆగస్టు 25

మాకూ వెయ్యికి పెద్దగా దూరం లేదు. డిసెంబరులో ప్రభుత్వం వాళ్ళు పశువుల్ని లెక్కపెట్టే దాకా ఒక్క మేకను కూడా అమ్మకుండా ఉంటే చాలు.

సెప్టెంబరు 7

వ్యాపారి ట్రక్కు వేసుకుని వచ్చాడు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ముసలి మేకలు, బలిసిన పొట్టేళ్ళు అతనికి అమ్మేస్తాం. ఉన్న గడ్డికి తగినన్ని మిగుల్చుకుని చలిలోకి వెళ్తాం. ఈసారి అమ్మనన్నాను. మా ఆయన నా వంక ఒకసారి చూసి, వ్యాపారికి టీ పోశాడు.

వ్యాపారి టీ తాగుతూ చాలాసేపు చెప్పాడు. పట్నంలో కొత్తగా ఎన్ని ఇళ్ళు లేచాయో, వాటన్నిటిలో ఎంత మాంసం ఉడుకుతోందో. వసంతంలో మేం దువ్వెనతో దువ్వి తీసే మేక ఉన్ని సముద్రాలు దాటి ఎక్కడెక్కడికి పోతోందో. వెళ్తూ వెళ్తూ, "ప్రపంచంలో జనం పెరుగుతున్నారక్కా. అందరికీ చలే. నువ్వెంత దువ్వితే అంతా నేను తీసుకుంటా" అన్నాడు.

అంతమందిలో ఒక్కళ్ళకీ పోయినేటి స్వెట్టర్ లేదా? అడగలేదు. నాకూ అమ్ముకోవాలనే ఉంది కదా.

అతను ఇక్కణ్ణుంచి యంజ్మా ఇంటికి వెళ్ళాడు. అక్కణ్ణుంచీ ఖాళీ ట్రక్కుతోనే తిరిగి వచ్చాడు. అది కూడా అమ్మలేదు. ఎందుకు అమ్మదు? దానికి మెడల్ ఉంది కదా!

సెప్టెంబరు 15

ఏరు ఎండిపోయింది. బావి దగ్గర నిలబడీ నిలబడీ కాళ్ళు పడిపోయాయి. నీళ్ళు ఊరే దాకా ఆగడం, తోడటం, మళ్ళీ ఆగడం. మన వంతు వచ్చేసరికి బురద.

అత్త కోడళ్ళిద్దరి మధ్యా కూర్చుని పాత కథే చెప్పింది. ఆమె పెళ్ళయి వచ్చినప్పుడు ఈ లోయలో రెండే గెర్‌లట. గడ్డి గుర్రం మీద కూర్చున్న మనిషి కాళ్ళకు తగిలేదట. మంద నిండా గొర్రెలేనట, మేకలు ఏవో నాలుగు ముందు నడవడానికి. ఇప్పుడు పొద్దున్నే లేచి చూస్తే ఎటు చూసినా గెర్‌ల పొగ. పట్నంలో కొలువు చేసేవాళ్ళు కూడా పశువులు కొని ఇక్కడి చుట్టాలకు అప్పగిస్తున్నారు. మందలో సగానికి పైగా మేకలే. గొర్రె గడ్డి పైన కొరుకుతుంది. మేక వేరుతో సహా లాగి తింటుంది. ఏం చేస్తాం, గొర్రె ఉన్నిని అడిగేవాడు లేడు.

చివర్లో ఎప్పటి మాటే చెప్పింది. ఎవరేం చేసుకున్నా కొండ వెనక గడ్డి జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది మా రెండు ఇళ్ళకూ చలికాలం తిండి. మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్ళీ మంచు నిలిచే దాకా అక్కడ గిట్ట పడకూడదు. రెండు ఇళ్ళూ కలిసే కదలాలి, కలిసే దిగాలి.

యంజ్మా తల ఊపింది. నేనూ ఊపాను.

సెప్టెంబరు 23

రాత్రికి ప్యాకెట్ నూడుల్స్. వెయ్యి పశువులకు దగ్గర పడిన ఇంట్లో ఒక్క గొర్రెను కోయలేక నూడుల్స్. మా ఆయన గిన్నె వంక చూసి, ప్యాకెట్ మీద మేక బొమ్మ ఉంటే దాన్ని కూడా లెక్కలో వేసుకో అన్నాడు.

అక్టోబరు 6

మధ్యాహ్నం మేకల్ని కొండ వెనక్కి తోలాను.

రాసేశాను. ఇక దాచేదేముంది.

మేముంటున్న ఏటి ఒడ్డున ఇక ఏమీ లేదు. నేల బోడిగుండులా ఉంది. మేకలు నా కోటు అంచు కొరుకుతున్నాయి. లెక్కల వాళ్ళు వచ్చేలోపు చిక్కి చచ్చిపోతే ఇన్నాళ్ళ నూడుల్స్ వృథా. మా ఆయన, లువ్‌సాన్ గుర్రాల మందతో ఉత్తరాన ఉన్నారు, ఇంటికి ఎప్పుడో ఓసారి వస్తారు. ఒక్క పూట, అంచు మీద మాత్రమే మేపి తెచ్చేద్దాం అనుకున్నాను.

కొండ సందు దాటాను. ఎంత గడ్డి! పసుపు పచ్చగా, గాలికి ఒక పక్కకు వాలి. మేకలు నన్ను తోసుకుని దిగిపోయాయి. నేను రాయి మీద కూర్చున్నాను. బాధ పడాలి కదా, పడలేదు. అవి నములుతున్న చప్పుడు వింటుంటే హాయిగా ఉంది.

అప్పుడు లోయ అవతలి చివర దుమ్ము కనిపించింది. దుమ్ములోంచి మేకలు. కొమ్ములకు ఎర్ర రంగు. ఆ రంగు ఈ చుట్టుపక్కల ఒక్క ఇంటి వాళ్ళే వేస్తారు. వాటి వెనక బైక్ మీద ఎర్ర రుమాలు కట్టుకుని యంజ్మా.

అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. మధ్యలో కేకేస్తే వినపడేంత దూరమే. ఇద్దరిలో ఒక్కళ్ళం కేక వేసినా అక్కడితో ఆగిపోయేది. అది బైక్ ఆపి, ఏదో బాగు చేస్తున్నట్టు వంగింది. నేను తల తిప్పుకుని కొండను చూశాను. ఆ కొండను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, అందులో కొత్తగా చూడటానికేం లేదు.

దాని మేకలు తింటున్న వైపు గడ్డి నా వైపు కంటే ఏపుగా ఉంది.

అక్టోబరు 7

మళ్ళీ వెళ్ళాను. అది అప్పటికే అక్కడ ఉంది.

అక్టోబరు 19

మానేద్దామని రోజూ లేస్తాను. నేను మానేస్తే అంతా దాని మేకలే తింటాయి. అందుకని వెళ్తాను. అది కూడా ఇలాగే అనుకుంటోందని నాకు తెలుసు, దాని మనసు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? సాయంత్రం బావి దగ్గర కలిసి, చలి ముదిరింది కదా అక్కా అంటుంది. అవునమ్మా అంటాను. మగవాళ్ళకు చెప్పలేదు అది. నేనూ చెప్పలేదు. ఈ ఒక్క విషయంలో మా అంత కలిసి ఉన్న తోటికోడళ్ళు ఎక్కడా ఉండరు.

నవంబరు 9

రెండు ఇళ్ళూ సామాను కట్టుకుని కొండ వెనక్కి మారాం. ఎప్పట్లాగే కలిసి కదిలాం, కలిసి దిగాం.

మగవాళ్ళిద్దరూ లోయ చూసి గుర్రాలు ఆపేశారు. లువ్‌సాన్ దిగి నేలను అరచేత్తో తడిమాడు. గడ్డి మొదళ్ళు కూడా లేవు, రాయీ మట్టీ, అంచుల్లో కాసిని ఎండు తుప్పలూ తప్ప.

"ఎలుకలు" అంది యంజ్మా.

ఈ ఏడు ఎలుకలు ఎక్కువని నేను కూడా వెంటనే అందుకున్నాను. పక్క జిల్లాలో కూడా లోయలకు లోయలే తినేశాయట అని నా సొంతంగా కొంచెం కలిపాను. మా ఆయన నమ్మాడు. ఎలుకలకు మందు చల్లించమని అధికారులకు చెప్పాలని అన్నదమ్ములు చాలాసేపు మాట్లాడుకున్నారు.

అత్త కర్ర ఊతంతో అటూ ఇటూ నడిచింది. వంగి నేల మీంచి ఏదో తీసుకుని మా దగ్గరకు వచ్చింది. అరచేయి తెరిచింది.

"ఎలుకలు మేక పెంటికలు వేస్తున్నాయేంటి అమ్మాయిలూ?"

మగవాళ్ళకు వినపడనంత నెమ్మదిగా అంది. తర్వాత ఆ పెంటికలు నా చేతిలో కొన్ని, యంజ్మా చేతిలో కొన్ని సమానంగా పోసి గెర్ లోపలికి వెళ్ళిపోయింది.

డిసెంబరు 16

లెక్కలు అయ్యాయి. వెయ్యి దాటాం. లెక్కలకు వచ్చిన జిల్లా పెద్దమనిషి నా చేయి పట్టుకుని ఊపి, మెడల్ తర్వాత పంపిస్తానన్నాడు. ఒకే లోయలో ఇద్దరు వెయ్యి పశువుల ఇల్లాళ్ళు, ఎంత గొప్ప అన్నాడు.

ఇద్దరు అనకుండా ఉంటే బాగుండేది.

జనవరి 8

మంచు పడింది, ఎండకు కొంచెం కరిగింది, మళ్ళీ గడ్డకట్టింది. నేల మీద గాజు పరిచినట్టు ఉంది. మామూలు ఏడైతే గుర్రాలు డెక్కలతో పగలగొడతాయి, కింది గడ్డి గొర్రెలు తింటాయి. ఈసారి పగలగొట్టినా కింద ఏముంది? మేకలు ఒకదాని మీద ఉన్ని ఇంకొకటి పీక్కుని తింటున్నాయి.

రేడియోలో జుద్ అనే మాట వాడారు. పశువులను ఊడ్చుకుపోయే చలికి మేం పెట్టుకున్న పేరు. ఆ మాట వినగానే అత్త లేచి రేడియో కట్టేసింది.

జనవరి 27

మెడల్ వచ్చింది.

పెద్దమనిషి అంత మంచులోనూ జీపు వేసుకుని తెచ్చాడు, మాట ఇచ్చాను కదా అని. అతను వచ్చేసరికి మా ఆయన బిగుసుకుపోయిన మేకను కాళ్ళు పట్టుకుని ఈడ్చుకెళ్తున్నాడు. దొడ్డి గోడ పక్కన అప్పటికే నడుము ఎత్తు గుట్ట. పెద్దమనిషి గుట్టను చూడకుండా ఉండటానికి నా మొహం వంకే చూస్తూ, మెడల్ కోటుకి గుచ్చాడు. తోళ్ళు ఒలుస్తున్న నా చేతులకు రక్తం ఉంది. చేయి కలపాలా వద్దా అని ఆలోచించి, చివరికి కలిపాడు.

యంజ్మా వాళ్ళ దొడ్డిలోంచి చూస్తోంది. అది చూడాలని ఎన్ని నెలలు అనుకున్నానో. తీరా చూస్తుంటే, వెనక్కి తిరిగితే బాగుండు అనిపించింది.

ఫిబ్రవరి 21

మావాళ్ళ చాంద్రమాన కొత్త సంవత్సరం. ప్రతి ఏడూ అత్త ముందు ఆవిరి మీద ఉడికించిన మాంసం ముద్దలు గుట్టగా పోసి, వచ్చినవాళ్ళకు పెట్టేవాళ్ళం. ఈసారి వచ్చినవాళ్ళు లేరు. దారులు మూసుకుపోయాయి.

మధ్యాహ్నం నేనూ యంజ్మా కలిసి చచ్చిన మేకల తోళ్ళు ఒలిచాం. పండగ పూట చేసే పని కాదు కానీ, తోలు కూడా పోతే ఏమీ మిగలదు. ఒకే మేకకు ఇటు ఒకళ్ళం, అటు ఒకళ్ళం. దాని కొమ్ములకు ఎర్ర రంగు ఉందో లేదో కూడా చూసుకోవడం లేదు.

ఉన్నట్టుండి అంది. "నువ్వు రాకపోయుంటే నేను మానేద్దును అక్కా."

"నువ్వు మానేసుంటే నేనూ మానేద్దును" అన్నాను.

ఎవరు ముందు వచ్చారని ఇద్దరం అడగలేదు.

మెడల్ ఉండి కూడా నీకెందుకంత ఆశ అని అడిగాను. చాకు ఆపి నా వంక చూసింది. "రోజూ పొద్దున అత్త నా చేతి టీ తాగుతుంది. తాగి, పెద్దకోడలి చేతి టీలా లేదంటుంది. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఇదే. మంద పెంచాను, కారు కొన్నాను, మెడల్ తెచ్చాను. ఒక్కసారి కూడా టీ బాగుందనలేదు" అంది.

అప్పుడు నాకు ఏమనిపించిందో ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. చుట్టూ చచ్చిన మేకలు. మోచేతుల దాకా రక్తం. ఆ మధ్యలో నిలబడి సంతోషపడ్డాను. అత్తకు నా టీ అంటే ఇష్టమా అని ఒళ్ళంతా వెచ్చబడింది. సిగ్గు లేని దాన్ని.

కాసేపయ్యాక, మావాళ్ళ ఉప్పు టీలో ఆ ఉప్పు చివర్లో వెయ్యమని చెప్పాను. ఇన్నాళ్ళూ కావాలనే చెప్పలేదు.

ఏప్రిల్ 18

కరగాల్సిన మంచు కరిగింది. బయటపడాల్సినవి బయటపడ్డాయి. వాసనకు గెర్ తలుపు తీయలేకపోతున్నాం.

వ్యాపారి వచ్చి ఉన్ని ఎంత ఉందన్నాడు. చూపించాను. ఒక్క చేతి సంచి. పాపం, బాధపడ్డాడు. తర్వాత ఫోన్ తీసి, జుద్ పడని జిల్లా ఏదో వాకబు చేసుకుంటూ వెళ్ళిపోయాడు. అక్కడి వాళ్ళను మందలు ఇంకా పెంచమంటాడట. జనం చలి ఆగదు కదా.

యంజ్మా వాళ్ళ మంద, మా మంద ఇప్పుడు ఒకే దొడ్డిలో పడతాయి. ఎవరికి ఎక్కువ మిగిలాయో చూడకూడదనుకున్నాను. చూశాను. దానికే.

మే 12

అత్త యంజ్మా చేతి టీ తాగి ఏమీ అనలేదట. యంజ్మా పరుగెత్తుకొచ్చి చెప్పింది. ఏమీ అనకపోవడం కూడా ఒక గొప్పేనా అన్నాను. లోపల మాత్రం, ఉప్పు సంగతి చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను.

జూన్ 14

ఏటి ఒడ్డుకు మారి నెలన్నర. కొండ వెనక గడ్డి మొలిచిందో లేదో చూద్దామని ఒక్కదాన్నే వెళ్ళాను, మేకల్ని తీసుకెళ్ళకుండా. అది అప్పటికే అక్కడ ఉంది. యంజ్మాతోనూ మేకల్లేవు.

మొలిచింది. పలచగా, వేలు ఎత్తు.

అది ఆ కొండ మీద కూర్చుంది. నేను ఈ కొండ మీద కూర్చున్నాను. పొద్దు వాలే దాకా నేను దాన్ని కాపలా కాశాను, అది నన్ను కాసింది. ముందు ఎవరూ లేవలేదు.

రేపు దానికంటే ముందు వెళ్ళాలి.