ఏడో నంబరు జెర్సీ

కోరుట్ల వాస్తవ్యురాలిని, తాళ్లపల్లి వెంకటేశం భార్యను, వయసు 48, వృత్తి వ్యాయామ ఉపాధ్యాయిని, తాళ్లపల్లి లత అను నేను పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా. సోమవారం నాకు ఆపరేషన్ ఉంది. అది గుండెకే గాని తలకు కాదు కనుక పై మాటను ఎవరూ శంకించనక్కర్లేదు.

1. నా పేరున ఉన్న ఇల్లు సర్వహక్కులతో నా బిడ్డ సృజనకు చెందవలెను. మేడ మీది గదిలో హ్యాండ్‌బాల్ బంతులున్నాయి. అవి తీసేసి ఆ గది కిరాయికిస్తే నేను ఊరుకోను.

2. నా స్కూటీ నా భర్తకు. దుబాయిలో పదకొండేళ్లు క్రేన్ నడిపిన మనిషి, కోరుట్ల బస్టాండు దగ్గర నా స్కూటీని రెండుసార్లు పడేశాడు. హెల్మెట్ కూడా ఆయనకే.

3. నా విజిల్ జగిత్యాలలో ఉన్న మా కోచ్ జలపతి సారుకు తిరిగి ఇవ్వవలెను. అది ఆయనదే. మా క్లబ్బు ఆటకు విదేశం పోయినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆయన వెతుకుతుంటే నేనూ వెతికాను. నా సంచిలోనే ఉంది. ఆయన ఊదుడు భరించలేకపోయాను.

4. మా హాల్లో అద్దాల పటంలో ఉన్న ఏడో నంబరు జెర్సీ నాతో ఆడిన, ఇప్పుడు సిరిసిల్లలో ఉండే గౌరవ్వకు చెందవలెను. కారణం రాయక తప్పదు.

దేశదేశాల మహిళా క్లబ్బుల హ్యాండ్‌బాల్ పోటీలు మొదలైన రెండో ఏడు మా క్లబ్బు కజకిస్తాన్ వెళ్లింది. బంతి జారకుండా అక్కడివాళ్లు డబ్బాల్లో అమ్మే జిగురు చేతులకు పూసుకున్నారు. మేము మల్యాల నుంచి తెచ్చుకున్న తుమ్మబంక పూసుకున్నాం. ముప్పై తొమ్మిది గోల్స్ తిని, ఒక్కటి వేశాం. ఆ ఒక్కటీ నాదేనని కోరుట్లలో నన్ను జీపెక్కించి ఊరేగించారు.

ఆ గోల్ నాది కాదు. నేను మడమ బెణికి బెంచీ మీద కూర్చున్నాను. గౌరవ్వ జెర్సీ భుజం దగ్గర చిరిగితే నాది విప్పి ఇచ్చాను. స్కోరు కాగితంలో ఏడో నంబరంటే నా పేరే. చెబితే ఆ ఒక్క గోలూ రద్దు చేస్తారని అక్కడ అందరం నోరు మూసుకున్నాం. ఇంటికొచ్చాక చెప్పాల్సింది. జీపెక్కాక నోరు రాలేదు. గౌరవ్వ మాత్రం "గోల్ ఎవ్వలదైతేంది లతా, మనదే గదా" అన్నది. ఇరవై రెండేళ్లుగా ఆ మాటకే ఆమె మీద నాకు కోపం. ఒక్కసారి తిట్టినా నాకు నిద్రపట్టేది.

జెర్సీ పొట్ట మీద ఆమె చెయ్యి తుడుచుకున్న బంక మరక ఉంది. ఏ సబ్బుకూ పోలేదు. అది ఎడమచేతి అచ్చు, అయిదు వేళ్లూ తెలుస్తాయి. ఆమెది ఎడమచేతి వాటం, నాది కుడి. మా హాల్లో చాయ తాగినవాళ్లు ఒక్కరూ గమనించలేదు. వెంకటేశమైతే నా చెయ్యే అనుకుని దసరాకు పటానికి బొట్టు పెడతాడు.

5. సవరణ. ఈ కాగితాలు చూసిపెట్టిన దస్తావేజు లేఖరి పరశురాములు బాపు చెప్పిన ప్రకారం, వస్తువు పొందేవారు సాక్షి సంతకం చేయరాదట. సాక్షిగా నేను పిలిపించింది గౌరవ్వనే. ముందు చదువుమన్నాను. చదివి, ఇరవై రెండేళ్లకు సరిపడా తిట్టింది. కావున నాలుగో అంశం రద్దు. జెర్సీ ఈరోజే ఆమె చేతికిచ్చాను. మరక మీద చెయ్యి పెట్టి చూసుకుంది, సరిపోయింది. గోడకు మేకు మిగిలింది, అది వెంకటేశానికి.

కోరుట్ల, 14 నవంబరు 2025
(సంతకం) తాళ్లపల్లి లత

సాక్షులు:
1. పరశురాములు, కోరుట్ల
2. గౌరవ్వ, సిరిసిల్ల (ఎడమచేతి సంతకం)