నూకరాజు లోకలే

అన్నా,

నీతోపాటు గుజరాత్ బోట్లలో వేటకొచ్చే నూకరాజుకి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. నిన్న మనింటికి స్వీట్లు తెచ్చాడు.

"నువ్వు ఏడాదిలో ఎనిమిది నెల్లు గుజరాత్‌లోనే ఉంటావు కదరా, నాన్‌లోకల్ అన్నేదేటి?" అని అడిగాను.

"ఎవడు సెప్పాడ్రా నీకు? పదో తరగతి దాకా మనూళ్ళోనే సదివాను, లోకల్నే!" అని నవ్వాడు.

నువ్వూ ఇక్కడే చదివావు. ఆ నోటిఫికేషన్ నా ఫోన్లో చూసి, "పోలీసులు ఎంక్వైరీకొచ్చినప్పుడు ఊళ్ళో నేకపోతే నాన్‌లోకలని కొట్టేస్తారన్నా, నీకవ్వదు" అని చెప్పింది నేనే. ఏడో తరగతిలో బడి మానేసినవాడి మాట నమ్మి, దరఖాస్తు పెట్టకుండా మళ్ళీ బోటెక్కావు. ఆ బోటు తిరిగి రాలేదు.

నూకరాజు వెళ్ళాక అమ్మ అడిగింది, "మీ అన్న ఆ పరీక్ష ఎందుకు రాయనేదురా?" అని.

తెలీదన్నాను.